ఒలిచిన రొయ్య

గుడివాడలో మా పుట్టింటి హాల్లో అద్దాల తొట్టెలో ఒక పెద్ద చేప ఉండేది. తిండి లోపం వల్ల దాని ప్రాణం మీదికొచ్చినప్పుడు తెలిసిన మనిషిని పిలిపించారు, మందు తెప్పించారు, తిండి మార్చారు. అది బతికింది. అవే రోజుల్లో, ఆ హాలుకి ఆనుకుని ఉన్న గదిలో, నా మొదటి బిడ్డ అదే లోపంతో చనిపోయింది. మూడు నెలలైనా నిండని పిల్ల. పేరు పెట్టే ముహూర్తం ఇంకా కుదరలేదు, పాప అనే పిలుచుకునేవాళ్లం.

రెండిటి జబ్బూ ఒకటేనని నాకు అప్పుడు తెలీదు. తెలిశాక వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఎవరి మీద కోపమో తేలక ఇన్నాళ్లూ ఈ సంగతి రాయలేదు. ఇప్పుడు తేలిందని కూడా కాదు, రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

నాన్నకి గుడివాడలో రైసు మిల్లు ఉండేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మిల్లుకి వరసగా దెబ్బలు తగిలాయి. బాయిలరు పగిలింది, వానల్లో తడిసిన ధాన్యం ముక్కిపోయింది, నమ్మిన గుమాస్తా మానేసి పక్క మిల్లులో చేరాడు. జాతకాలంటే వెక్కిరించే మనిషి మా నాన్న. అలాంటివాణ్ని విజయవాడలో ఎవరో చైనా వాస్తు ఆయన పట్టుకుని, హాల్లో అరోవానా చేపని పెట్టుకోమన్నాడు. అది ఇంట్లో తిరుగుతుంటే లక్ష్మి నిలుస్తుందట. అంతకంటే పెద్ద మాట ఇంకోటి చెప్పాడు. ఇంటి మీదికొచ్చే గండాన్ని ఆ చేప తన మీద వేసుకుని చచ్చిపోతుందట. చేప పోయిందని ఏడవకూడదు, గండం గడిచిందని సంతోషించాలట. నాన్న ఈ ముక్క ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ నవ్వుతూ చెప్పేవాడు. నవ్వాడు గానీ నమ్మాడు.

చేప వచ్చింది. వెండిపట్టీ లాంటి ఒళ్లు, పైకి తెరుచుకునే నోరు, గడ్డం కింద రెండు మీసాలు. మా మిల్లు హమాలీలు వచ్చి చూసి, "పులుసుకి పనికొస్తుందాండీ?" అని అడిగి నాన్న చేత తిట్లు తిని వెళ్లారు. అమ్మ మొదట్లో దాని వంక చూసేదే కాదు. అమ్మిన దుకాణం వాళ్లు దానికి బతికున్న చిన్నచేపలు వెయ్యమన్నారు. నాన్న చెరువుల వాళ్ల దగ్గర్నుంచి పరిగె పిల్లల్ని తెప్పించి తొట్టెలో వదిలేవాడు. అది ఒక్క ఉదుటున మింగేది. హాల్లో కూర్చుని కాఫీ తాగుతున్నవాళ్ల ఎదుట ఆ మింగుడు చూడలేక అమ్మ గొడవ పెట్టింది. కొన్నాళ్లు కోడి కార్జం ముక్కలు వేశారు. నీళ్లు జిడ్డు కట్టి కంపు కొట్టాయి. అప్పుడు మా మావయ్య రంగంలోకి దిగాడు.

మావయ్య అంటే అమ్మ తమ్ముడు. దివిసీమలో, నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులు చేసేవాడు. తెల్లమచ్చ రోగం వచ్చి చెరువులకి చెరువులు పోయినా, మళ్లీ మళ్లీ రొయ్యపిల్లని తెచ్చి వేసే మొండివాడు. అక్కయ్య ఇంటికి ఉత్త చేతులతో వచ్చేవాడు కాదు. ఐసుపెట్టెలో టైగర్ రొయ్య తెచ్చి, "బావగారూ, మీ చేప సంగతి నాకొదిలెయ్యండి. ఇది తిన్నాక ఇంకోటి ముడితే నన్నడగండి" అన్నాడు. అన్నట్టే అయింది. చేప రొయ్య రుచి మరిగింది. అమ్మ కూడా చల్లబడింది. రొయ్యల్ని కూర్చుని ఒలిచేది. తల విరిచి, డొప్ప తీసి, వీపు మీద నల్లనరం లాగి పారేసి, కడిగి, తెల్లటి కండ మాత్రం ముక్కలు చేసి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించేది. పూటకి కాసిని తీసి కరిగించి వేసేది. ఏడాదికి పైగా ఆ చేప తిన్నది అదొక్కటే. "మా చేప ఒలిచిన టైగర్ తప్ప ముట్టదండీ" అని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు.

మా వైపు మర్యాదంటే ఒలిచి పెట్టడమే. చుట్టానికి డొప్పతో రొయ్య వడ్డించరు. పొట్టు తీసిన పప్పు, గింజలు తీసిన వంకాయ, ముళ్లు తీసిన చేపముక్క. ఎవరి మీద ఎంత ప్రేమ ఉంటే అంత ఒలుస్తారు. మా ఇంట్లో ఇది ఇంకో మెట్టు ఎక్కువ, ఎందుకంటే మా తిండీ గుడ్డా ధాన్యం ఒలవడం మీదే నడిచాయి. మిల్లులో ఒకసారి పాలిష్ పట్టిన బియ్యం కూలీలు కొనేవారు. ఇంటికి రెండుసార్లు పట్టినవి వచ్చేవి, మల్లెమొగ్గల్లా ఉండేవి. పైన దిగిన తవుడంతా లారీలకెక్కి కైకలూరు వైపు చేపల చెరువులకి వెళ్లిపోయేది. తవుడు తినేది గొడ్డూ చేపా అని మాకు పుట్టుకతో తెలుసు. అందులో ఏముందో మాత్రం ఎవరమూ అడగలేదు.

నేను తొలికాన్పుకి పుట్టింటికి వచ్చేసరికి చేప మూరెడు దాటి పెరిగింది. మా ఆయన బందరులో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసేవారు, ఆదివారాలు వచ్చి చూసి వెళ్లేవారు. కాన్పు తేలిగ్గానే అయింది. పాప ఎర్రగా, బరువుగా పుట్టింది. ఏడిస్తే వీధి గుమ్మం దాకా వినిపించేది. "గొంతు చూడు, మీ నాయనమ్మే మళ్లీ పుట్టింది" అని నాన్న మురిసిపోయాడు.

ఇక పథ్యం మొదలైంది. తెలీనివాళ్లకి చెబుతాను. బాలింతకి మా ఇంట్లో పెట్టేది పాతబియ్యం అన్నం. ఆ బియ్యాన్ని నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగుతారు. ఎసట్లో వేసి, ఉడికాక గంజి వార్చేస్తారు. ఆ గంజి గేదె కుడితిలోకి వెళ్తుంది. మిగిలిన తెల్లన్నంలో వెల్లుల్లి కారం, శొంఠిపొడి, నెయ్యి. పప్పు వాయువు, పెరుగు చలవ, ఆకుకూర విరేచనం, పండు జలుబు, గుడ్డు వేడి. ఒక్కోదానికీ ఒక్కో నేరం. కొన్ని ఇళ్లలో పాలు పడతాయని సొరచేప పెడతారు. మా అమ్మ అదీ ఒప్పుకోలేదు, పచ్చి బాలింతకి నీచు ఏమిటని. మంచినీళ్లు కూడా కొలిచినట్టు ఇచ్చేది. నాకు ఆకలి వేసేది కాదు. ఆ తెల్లన్నం చూస్తేనే కడుపులో తిప్పేది. అరికాళ్లు మంటలు, పిక్కలు పట్టెయ్యడం, వేళ్లు తిమ్మిరెక్కడం. అమ్మతో అంటే, "బాలింత నీరు, అదే తగ్గుతుంది" అని ఆముదం రాసి కాపడం పెట్టేది.

అమ్మ ప్రేమలో లోపం లేదు. నా కోసం తెల్లారకముందే లేచేది, నా పళ్లెం ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేది కాదు. ఆవిడ నిర్లక్ష్యం చేసి ఉంటే నాకు తిట్టుకోవడం తేలికయ్యేది.

ముందు చేపకి జబ్బు చేసింది. రొయ్య ముక్క వేస్తే దగ్గరికొచ్చి వాసన చూసి వెనక్కి తిరిగేది. వెండిరంగు మాసి ఒళ్లు నల్లబారింది. తర్వాత తల కిందికి, తోక పైకి పెట్టి వాలిపోయి ఈదడం మొదలెట్టింది. గుండ్రంగా తిరిగేది, గోడ తెలియనట్టు అద్దానికి కొట్టుకునేది. తొట్టెలో లైటు వేశామంటే కొరడాతో కొట్టినట్టు వణికి గింజుకునేది. నేను గదిలో మంచం మీదనుంచి ఆ దబదబ విని దడుచుకునేదాన్ని. నాన్నకి అన్నం సయించలేదు. దుకాణం వాళ్లకి ఫోను చేస్తే ఉప్పు వెయ్యమన్నారు, నీళ్లు మార్చమన్నారు, నీలిమందు కలపమన్నారు. అన్నీ చేశాడు. నాన్న భయం నాకు అర్థమైంది. మిల్లు గండం గడవకముందే చేప పోతే, ఆ తర్వాత వచ్చే పెద్ద గండాన్ని మీద వేసుకోవడానికి ఇంట్లో ఇంకేదీ ఉండదని లెక్క.

అదే వారంలో పాప పాలు కక్కడం మొదలెట్టింది. మొదట పసిపిల్లలకి మామూలే అన్నారు. తర్వాత ఎత్తుకున్నా, దింపినా, ఊపినా ఊరుకోదు. కాళ్లు కొంచెం ఉబ్బినట్టు కనిపించాయి, అమ్మకి అది ఒళ్లు చెయ్యడంగా తోచింది. ఆ తర్వాత గొంతు బొంగురుపోయింది. ఊళ్లో పిల్లల డాక్టరుకి చూపిస్తే రొంప, ఛాతీలో కఫం ఉందని సిరప్పు రాశారు. అమ్మ ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. సిరప్పు అయిపోయింది గానీ గొంతు రాలేదు. నోరంతా తెరిచి, మొహం కందిపోయేలా ఏడ్చేది. శబ్దం మాత్రం ఉండేది కాదు. గదిలో పాప అలా ఏడుస్తుంటే హాల్లో ఉన్నవాళ్లకి తెలిసేదే కాదు.

మావయ్య ఆ సమయానికి ఒకాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. రొయ్యల చెరువులు చూసి సలహా చెప్పే కన్సల్టెంటు. ఫిషరీస్ చదివినాయన, దివిసీమలో రైతులు ఆయన్ని డాక్టరుగారనే పిలిచేవారు. హంసలదీవి దాకా చెరువులు చూసుకుని అలసిపోయి ఉన్నా, బావగారి చేప కోసమని మావయ్య బతిమాలితే వచ్చాడు. బాలింత పరాయి మగవాళ్ల ఎదుట పడకూడదు కాబట్టి నేను గదిలోనే ఉన్నాను. తలుపు ఓరగా వేసి ఉంది. ప్రతిమాటా వినిపించింది.

"ఏం పెడతన్నారండీ దీనికి?"

"రొయ్యండీ. ఫస్టు క్వాలిటీ టైగరు. మా ఆవిడ స్వయంగా ఒలుస్తుంది" అన్నాడు నాన్న.

"అది కాక?"

"ఇంకేం ముట్టదండీ."

"ఎన్నాళ్లనుంచి?"

నాన్న చెప్పాడు. దానికి ఆయన చెప్పింది నాకు దాదాపు ఉన్నదున్నట్టు గుర్తుంది. "ఇది రోగం కాదండీ, లోపం. బి వన్ అని ఒక విటమిను. పచ్చిరొయ్య కండలో ఒక గుణం ఉంటుంది, అది ఆ విటమిన్ని విరగ్గొట్టేస్తది. ఒంట్లో ఉన్నది కూడా పోద్ది. మామూలుగా ఏట్లో అయితే ఈ చేప చిన్నచేపని పేగులతో సహా మింగుద్ది, పురుగుల్ని తింటది, మిడతల్ని పట్టుద్ది. అన్నీ కలిసి సరిపోతాయి. మీరు తల తీసేసి, డొప్ప తీసేసి, పనికొచ్చేదంతా పారేసి ఉత్త తెల్లకండ పెట్టారు. ప్రేమగానే పెట్టారనుకోండి. దీని నరాలు దెబ్బతిన్నాయి, అందుకే తిరగబడతంది."

"బతుకుద్దంటారా?"

"మందు పడితే బతకొచ్చు. మెడికల్ షాపులో బి వన్ ఇంజక్షన్లుంటాయి, మనుషులకి వేసేవే. పట్రండి."

నాన్న చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తాడు. మందు రాగానే ఆ డాక్టరుగారు తడిగుడ్డలో చేపని పట్టించి వీపు కండలోకి సూది వేశాడు. ఆ తర్వాత తిండి గురించి చెప్పాడు. చిన్నచేపల్ని పొట్టతో సహా వెయ్యాలి, మిడతలూ బొద్దింకలూ వెయ్యాలి, రొయ్య ఎప్పుడో గానీ పెట్టకూడదు, పెట్టినా డొప్పతోనే పెట్టాలి. బొద్దింకలనేసరికి అమ్మ "రామ రామ" అంది. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, "విటమినుకి మీరు వెతుక్కోవడమేంటండీ? మీ మిల్లు తవుడు నిండా అదే. లారీలకెత్తి చెరువులకి పంపుతున్నారు, బొచ్చెలూ శీలావతులూ తిని బలుస్తన్నాయి. తెల్లన్నం తినే మనకంటే అవే నయం" అన్నాడు. మళ్లీ నవ్వులు. కాఫీలు తాగారు.

నేను నవ్వలేదు. తెల్లన్నం అన్న మాట దగ్గర నా ప్రాణం ఉలిక్కిపడింది. నాకు ఆ శాస్త్రమేమీ తెలీదు, డిగ్రీలో చదివింది చరిత్ర. కానీ నా వేళ్ల తిమ్మిరి నాకు తెలుసు. ఒళ్లో పాప నోరు తెరుచుకుని చప్పుడు లేకుండా ఏడుస్తోంది. ఆయన వెళ్లిపోకముందే ఒక మాట అడగాలనిపించి మావయ్యని గదిలోకి పిలిచాను.

"మావయ్యా, ఆయన్ని నా సంగతి కూడా అడుగు. నేనూ ఉత్త అన్నమే తింటున్నాను. కాళ్లు తిమ్మిర్లు. పాప గొంతు చూడు ఎలా ఉందో."

మావయ్య నా నెత్తి మీద మొట్టికాయ వేసినట్టు చేసి, "చేపల డాక్టర్ని బాలింత వైద్యం అడగమంటావేంటే అమ్మాయ్? నవ్విపోతారు" అన్నాడు. నా మాట తేలిగ్గా తీసుకున్నాడే గానీ చెడ్డవాడు కాదు. చేపల డాక్టరుగారు కారెక్కి వెళ్లిపోయాడు.

అమ్మ పళ్లెం తెచ్చినప్పుడు ఆమెతోనూ అన్నాను. "అమ్మా, ఆయన చెప్పింది విన్నావుగా. నాక్కొంచెం పప్పు పెట్టు. పోనీ గంజైనా వార్చకుండా పెట్టు."

"చేపకీ నీకూ పోలికేంటే? అది నీళ్లలో తిరిగే జంతువు. నువ్వు పచ్చి బాలింతవి."

"నేను కూడా ఒలిచిందే తింటున్నాను కదే."

"పప్పు తిన్నావంటే పిల్లకి పొట్ట ఉబ్బుద్ది. అసలే పాలు కక్కుతోంది. ఇప్పుడు దాని ప్రాణం మీదికి తెస్తావా? నేను తినలేదా ఈ పథ్యం? ఏమైంది నాకు?"

పాప పేరు చెప్పి భయపెడితే ఏ తల్లి ఎదురు మాట్లాడుతుంది? అమ్మా పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అలా ఉంది నా పని. కడుపునిండా కోపం పెట్టుకుని ఆ అన్నమే తిన్నాను. కొని తెచ్చిన ఇంజక్షన్లలో మిగిలినవి ఫ్రిజ్ తలుపు అరలో, రొయ్యల డబ్బాకి పక్కన ఉన్నాయి. వంటింట్లోకి వెళ్లే ప్రతివాళ్లూ వాటిని చూశారు.

మర్నాటికి చేప నిలకడగా ఈదింది. ఇంకో సూది పడ్డాక లైటు వేసినా గింజుకోలేదు. మిల్లు నుంచి హమాలీలు మిడతల్ని సీసాలో పట్టి తెచ్చారు. ఒకటి వదలగానే ఎగిరి అందుకుంది. నాన్న చప్పట్లు కొట్టాడు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో వినిపించిన సంతోషం అదే.

పాపకి ఆ తర్వాత ఊపిరి అందడం కష్టమైంది. డొక్కలు ఎగరేస్తూ పీల్చేది, పెదాలు నీలంగా మారాయి. డాక్టరు ఎక్స్‌రే తీయించి, గుండె బాగా పెద్దదైంది, పుట్టుకతోనే ఏదో లోపం ఉండి ఉంటుంది, వెంటనే విజయవాడ తీసుకెళ్లండి అన్నారు. మధ్యాహ్నం ఎండలో కారులో బయల్దేరాం. నాన్న ముందు సీట్లో, నేనూ అమ్మా వెనక. పాప నా మొహంలోకి చూస్తూ నోరు తెరిచింది. పామర్రు రాకముందే ఆ నోరు అలాగే ఉండిపోయింది. కారు ఆపమని చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు, అమ్మే అరిచింది. రోడ్డు పక్క వరి కోసిన పొలం, కుప్పనూర్చుతున్న కూలీలు. వాళ్లు పని ఆపి మా వంక చూశారు.

పసిపిల్ల కాబట్టి కర్మలేమీ లేవు. పూడ్చి వచ్చారు. నాకు పాలు ఆగక రవిక తడిసిపోయేది, పాలు ఇంకిపోవడానికి అమ్మ గుండెలకి మల్లెపూలు కట్టింది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లు హాల్లో కూర్చుని నన్నూ, నా వెనక తొట్టెలో తిరుగుతున్న చేపనీ చూసేవారు. అది మునుపటికంటే నిగనిగలాడుతోంది. వాళ్లలో ఎవరు మొదట అన్నారో తెలీదు. మూడో మనిషి అనేసరికి అది మా ఇంటి మాట అయిపోయింది. గండం చేప మీదికే వచ్చింది, దాని మానాన దాన్ని పోనిస్తే పిల్ల దక్కేది, సూదులు వేసి మరీ దాన్ని ఆపారు, అందుకని గండం పిల్ల మీదికి తిరిగింది.

అమ్మ ఆ మాటని రెండు చేతులా పట్టుకుంది. "మనం చేజేతులా చేశామండీ. బంగారం లాంటి పిల్లనిచ్చి చేపని తెచ్చుకున్నాం" అని గోడకి తల కొట్టుకుంది. మందుల షాపుకి పరుగెత్తింది నాన్నే కదా. ఆ రోజు నుంచి నా ఎదురుగా కూర్చోవడం మానేశాడు. దాపరికం ఎందుకు, నేనూ నమ్మాను. ఆ చేపని చూస్తే నాకు ఒళ్లు మండేది. నా కూతురి ఊపిరి అది తాగి తిరుగుతోందనిపించేది. ఒకరోజు మిల్లు డ్రైవరు సాయంతో నాన్న దాన్ని డ్రమ్ములో వేసుకెళ్లి కాలవలో వదిలేశాడు. వేసవిలో కాలవలు కట్టేశాక, మిగిలిన మడుగుల్లో జనం బుట్టలతో చేపలు పట్టుకుంటారు. ఎవరింట్లో పులుసైందో.

నేను బందరు వెళ్లిపోయాను. తర్వాత పుట్టింటికి పండగలకీ పబ్బాలకీ వెళ్లడం తగ్గించేశాను. మళ్లీ నెల తప్పినప్పుడు అరికాళ్ల మంటలు తిరిగి వచ్చాయి. బందరులో నన్ను చూసిన డాక్టరమ్మ పెద్దావిడ, మందు రాసేముందు బాగా మాట్లాడే మనిషి. మొదటి కాన్పు గురించి అడిగింది. బాలింతగా ఏం తిన్నావంది. చెప్పాను. పిల్ల ఎలా పోయిందంది. గుండె జబ్బన్నారని చెప్పాను. ఆవిడ కలం పక్కన పెట్టి, "పోయేముందు ఏడిస్తే శబ్దం వచ్చేదా?" అని అడిగింది.

ఆ సంగతి నేను ఆవిడకి చెప్పనే లేదు.

అప్పుడు చెప్పింది. తల్లి తిండిలో బి వన్ లేకపోతే పాలల్లో ఉండదు. పాలు తాగే బిడ్డకి గొంతు పోతుంది, గుండె ఉబ్బుతుంది. పుట్టుకతో వచ్చిన గుండె జబ్బులా కనిపిస్తుంది. తెల్లబియ్యం, వార్చిన గంజి, పథ్యం, ఈ మూడూ కలిసిన చోట ఇలాంటి పిల్లల్ని చూశానంది. "తెలిస్తే ఒక్క సూదితో గంటల్లో తేరుకుంటారమ్మా" అంది. ఆవిడ ఓదార్పుగా ఏదో చెబుతూనే ఉంది. నాకు మా ఫ్రిజ్ తలుపు కనిపిస్తోంది, అరలో ఆ మందుసీసాలు కనిపిస్తున్నాయి. బయటికొచ్చి కోనేరు సెంటరులో రిక్షా ఎక్కి, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా గొంతెత్తి ఏడ్చాను.

కాన్పు బందరులోనే చేయించుకున్నాను. పుట్టింటి నుంచి ఎవర్నీ రావద్దన్నాను. మొదటిరోజు నుంచే పప్పూ కూరా గుడ్డూ తిన్నాను. కొడుకు పుట్టాడు. వాడు ఏడ్చిన ప్రతిసారీ వినడానికి ఆగేదాన్ని. అమ్మకి మాత్రం కారణం చెప్పలేదు. చెబితే ఆవిడ చచ్చిపోతుందనిపించేది. చెప్పకపోతే నేను చచ్చిపోతాననిపించేది. అలాగే కొన్నేళ్లు గడిచాయి.

ఈలోగా పెళ్లయిన నా చెల్లెలు తొలికాన్పుకి గుడివాడ వచ్చిందని తెలిసి, పురుడు వచ్చాక మా పిల్లాణ్ని మా ఆయన దగ్గర వదిలి బస్సెక్కాను. నేను వెళ్లేసరికి అదే గదిలో, అదే మంచం మీద చెల్లెలు పళ్లెం ముందు పెట్టుకుని కూర్చుంది. మల్లెమొగ్గల్లాంటి అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. పక్కన ఉయ్యాల్లో పిల్లాడు నిద్రపోతున్నాడు. నేను చెప్పులు విప్పానో లేదో గుర్తులేదు. వెళ్లి పళ్లెం లాగేసుకున్నాను. చెల్లెలు బిత్తరపోయింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏం తెగులే నీకు, బాలింత ముందు పళ్లెం తీస్తావా?" అని అరిచింది.

ఇక ఆగలేకపోయాను. మెత్తగా చెప్పాలని దారంతా అనుకున్నదేదీ నోట్లోకి రాలేదు. "నా పాపని చేప చంపలేదమ్మా. ఈ పళ్లెం చంపింది" అన్నాను. నిలబడే అంతా చెప్పాను. పాలల్లో ఏం లేకపోయిందో, గొంతు ఎందుకు పోయిందో, గుండె ఎందుకు ఉబ్బిందో, చేపకి వేసిన సూదే పాపకి వేసి ఉంటే ఏమయ్యేదో. నాన్న గుమ్మంలోకి వచ్చి విని, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

అమ్మ ఎదురు చెబుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. ఆవిడ మంచం కోడు పట్టుకుని నెమ్మదిగా నేల మీద కూర్చుంది.

"గొంతు పోవడమూ దాని వల్లేనా?" అంది.

"అవునమ్మా."

అమ్మ నా మొహం చూడకుండా అంది. "నీకంటే ముందు ఒకడు పుట్టాడే. ఘంటసాలలో, మా అమ్మింట్లో. మూడో నెల్లో పోయాడు. ఇంతింత నోరు తెరిచేవాడు, చిన్న చప్పుడు కూడా వచ్చేది కాదు. పసిగుడ్డు సంగతి పైకి అనుకోకూడదని మా అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. నీ పిల్ల నోరు తెరిచిన రోజే నాకు వాడు గుర్తొచ్చాడు. దిష్టి తీశాను. పథ్యం ఎక్కడైనా తప్పిందేమోనని, నీకు ఇంకా గట్టిగా చేశాను."

నా కోపం ఎక్కడికి పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. చెల్లెలు ఏడుస్తోంది. పళ్లెం ఇంకా నా చేతిలోనే ఉంది. అమ్మ లేచి, దాన్ని నా చేతిలోంచి తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. డబ్బా మూత తీసిన చప్పుడు, కందిపప్పు గిన్నెలో పోసిన చప్పుడు వినిపించాయి. సాయం చేద్దామని గుమ్మం దాకా వెళ్లాను. వెనక్కి తిరక్కుండానే వద్దన్నట్టు చెయ్యి ఊపింది. పప్పు ఉడికేదాకా ఆ పొయ్యి దగ్గరే నిలబడి ఉంది.